లెక్కల గడప దగ్గర ఆగిపోతున్న మన పిల్లలు

పదో తరగతి ఫలితాలు వెలువడిన వారంలో మా మదరసాకు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. వారు అడిగేది ధర్మసందేహం కాదు. "హజ్రత్, పిల్లకు ఏ గ్రూపు ఇప్పించమంటారు?" అని అడుగుతారు. మూడు దశాబ్దాలుగా ఫిఖహ్, ఫరాయిజ్ పాఠాలు చెప్పుకుంటున్న నన్ను ఇంటర్మీడియట్ గ్రూపుల గురించి ఎందుకు అడుగుతున్నారో మొదట్లో అర్థమయ్యేది కాదు. క్రమంగా గ్రహించాను. చాలామంది సలహా కోసం రారు. ఇంట్లో అప్పటికే జరిగిపోయిన నిర్ణయానికి ఒక పెద్దమనిషి ఆమోదం కోసం వస్తారు.

2025 మే నెలలో ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకుని వచ్చాడు. కర్నూలులో చిన్న దర్జీ దుకాణం నడుపుకుంటున్న మనిషి. అమ్మాయికి గణితంలో నూటికి 93 మార్కులు వచ్చాయి. "ఇంటి దగ్గరి ఆడపిల్లల కాలేజీలో సి.ఇ.సి. ఉంది హజ్రత్. ఎం.పి.సి. కావాలంటే ఊరి ఆ చివరకు పంపాలి. ఆడపిల్లకు అన్ని లెక్కలు ఎందుకని వాళ్ళ అమ్మ అంటోంది" అన్నాడు. నేను అమ్మాయి వైపు తిరిగి, "నీకేది ఇష్టం బేటా?" అని అడిగాను. ఆమె తండ్రి ముఖం వైపు చూసింది. జవాబు చెప్పలేదు.

ఆ చూపు నాకు కొత్తది కాదు. పదిహేడేళ్ళ క్రితం మా ఇంట్లోనే చూశాను. 2008లో మా పెద్దమ్మాయి పదో తరగతి ఉత్తీర్ణురాలైంది. గణితంలో 89 మార్కులు. ఆమెకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడు స్వయంగా మా ఇంటికి వచ్చి, "ఈ అమ్మాయిని ఎం.పి.సి.లో చేర్చండి సాబ్, వృథా చేయకండి" అని చెప్పారు. ఆయనకు టీ ఇచ్చి, మర్యాదగా సాగనంపాను. మరునాడే అమ్మాయిని వీధి చివరి కాలేజీలో సి.ఇ.సి.లో చేర్పించాను. ఆ నిర్ణయంలో నాకు దురుద్దేశం ఏమీ లేదు. అయితే విచారణ కూడా లేదు. కాలేజీ దగ్గరగా ఉన్నదన్న ఒక్క కారణం నాకు సరిపోయింది. అమ్మాయిని నేను అడగనే లేదు.

ఈ అనుభవం ఉన్నది కనుకనే ఈ వ్యాసం రాసే సాహసం చేస్తున్నాను. మన పిల్లలు ఉన్నత గణితాన్ని వదిలివేయడం కాలేజీ కౌంటరు దగ్గర జరగడం లేదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మన ఇళ్ళలో, మన నోటి మాటలతో జరిగిపోతున్నది. దాన్ని సరిదిద్దడం కూడా ముందుగా మన చేతుల్లోనే ఉన్నది.

రద్దీ ఉన్నది, కాని ఎవరికి?

పైకి చూస్తే మన రెండు తెలుగు రాష్ట్రాలలో గణితానికి ఆదరణ తక్కువేమీ కాదు. దేశంలో ఆర్ట్స్ గ్రూపులు తీసుకునే విద్యార్థులు అతి తక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనవి కూడా ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి.దే పెద్ద గ్రూపు. ఇంజనీరింగు కాలేజీలు పెరగడం, సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు, 2008 ప్రాంతంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం, ఇవన్నీ కలిసి మధ్యతరగతి ఇళ్ళను ఆ దారికి మళ్ళించాయి. ఇంజనీరింగు ప్రవేశానికి జరిగే ఎప్‌సెట్‌లో 160 మార్కులకు 80 మార్కులు గణితానివే. అంటే సగం పరీక్ష లెక్కలే.

ఉన్నత గణితం అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. చాలాకాలంగా ఎం.పి.సి. విద్యార్థికి వెయ్యి మార్కులలో 300 మార్కులు గణితానికే ఉండేవి. రెండేళ్ళలో నాలుగు పేపర్లు. మొదటి ఏడాది మాత్రికలు, సదిశలు, త్రికోణమితి, సరళరేఖలు, అవధులు, అవకలనం. రెండో ఏడాది సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత, వృత్తాలు, పరావలయాలు, సమాకలనం. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 నుండి ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమం ప్రవేశించింది. గణితంలోని రెండు పేపర్లు కలిసి ఏడాదికి ఒకే పేపరయింది. గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదువుకునే వీలు కూడా అప్పటి నుండి కల్పించారు. ఏ గ్రూపు అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ మార్పును తప్పక తెలుసుకోవాలి.

సి.బి.ఎస్.ఇ. బడులలో మరొక మలుపు ఉన్నది. 2020 పరీక్షల నుండి పదో తరగతిలో గణితాన్ని ‘స్టాండర్డ్’, ‘బేసిక్’ అని రెండు స్థాయిలు చేశారు. పాఠం ఒకటే, పరీక్షా పత్రాలు మాత్రం వేరు. బేసిక్ రాసిన విద్యార్థి పదకొండో తరగతిలో గణితం తీసుకోకూడదన్నది మొదటి నిబంధన. కరోనా తరువాతి కాలంలో దానిని సడలిస్తూ వచ్చారు. సడలింపు ఏ ఏడాది ఉంటుందో, ఏ బడి ఎలా అమలు చేస్తుందో ముందుగా చెప్పలేము. ‘సులువుగా ఉంటుంది’ అని పద్నాలుగేళ్ళ బిడ్డ చేత బేసిక్‌కు టిక్కు పెట్టించే ముందు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అదే బోర్డు 2020–21 నుండి పదకొండు, పన్నెండు తరగతులలో ‘అప్లయిడ్ మ్యాథమెటిక్స్’ను కూడా ప్రవేశపెట్టింది. వాణిజ్యం చదివేవారికి అది ఉపయోగపడుతుంది. ఇంజనీరింగు వైపు వెళ్ళదలచినవారు మాత్రం అసలు గణితాన్నే ఎంచుకోవాలి.

ఇంత రద్దీలో మన పిల్లలు ఎక్కడ ఉన్నారు? 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పిన రెండు విషయాలు నేటికీ ఆలోచింపజేస్తాయి. ఒకటి, బడి ఈడు ముస్లిం పిల్లలలో మదరసాలలో చదివేవారు సుమారు మూడు శాతమే. మిగిలినవారి చదువు బడులలోనే. అంటే మన సంతానపు చదువు సమస్య ప్రధానంగా బడి సమస్యే. రెండు, దేశంలోని మేటి కళాశాలలలో డిగ్రీ చదివే ప్రతి ఇరవై అయిదుగురిలో ఒక్కరే ముస్లిం విద్యార్థి. మన రాష్ట్రాలలో 2007 నుండి బి.సి.–ఇ వర్గానికి విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అయితే ఇంజనీరింగు సీటులో ఆ కోటా ఉపయోగపడాలంటే బిడ్డ ముందు గణితం చదివి ఉండాలి. సి.ఇ.సి. చదివిన అమ్మాయికి ఆ సీటు దగ్గర ఏ రిజర్వేషనూ అక్కరకు రాదు.

అసలు ముడి ఆరో తరగతిలో

నా దగ్గరకు వచ్చే పిల్లలను నేను ఒక చిన్న ప్రశ్న అడుగుతుంటాను: "లెక్కలంటే నీకు భయం ఎప్పుడు మొదలయింది?" ఇంటర్మీడియట్‌లో అని చెప్పినవారు నాకు దాదాపుగా తారసపడలేదు. చాలామంది జవాబు అయిదు, ఆరు, ఏడు తరగతుల చుట్టూ తిరుగుతుంది. ఇది కాకతాళీయం కాదు. అంతవరకు లెక్క అంటే వేళ్ళ మీద లెక్కించగలిగినది. ఆ తరగతులలో భిన్నాలు వస్తాయి, సున్నాకంటే చిన్నవైన రుణ సంఖ్యలు వస్తాయి, అంకె స్థానంలో అక్షరం వస్తుంది. ఈ మూడు మెట్లూ ఒకదాని మీద ఒకటి కట్టినవి. మొదటి మెట్టు మీద కాలు జారిన బిడ్డ పై మెట్టు ఎక్కలేడు. అప్పుడు మనం ఏమంటాము? "వీడికి లెక్కలు రావులే. నాకూ వచ్చేవి కావు" అంటాము. జ్వరం వస్తే వైద్యుడి దగ్గరకు పరుగెత్తే మనం, భిన్నాలు రాకపోతే అది తలరాత అనుకుంటాము.

ఆ మాట చేసే హాని ఎంతటిదో ఒక ఉదాహరణ చెబుతాను. 1977లో టెహ్రాన్‌లో పుట్టిన మర్యమ్ మీర్జాఖానీ పేరు మీలో కొందరు విని ఉంటారు. 2014లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం అందుకున్న మొట్టమొదటి మహిళ ఆమె. బాల్యంలో ఆమెకు రచయిత్రి కావాలని ఉండేది. మాధ్యమిక పాఠశాలలో చేరిన కొత్తలో ఆమెకు లెక్కలు బాగా రాలేదు. నీకు ఇందులో ప్రత్యేకమైన ప్రతిభ ఏమీ లేదన్నట్లుగా ఉపాధ్యాయురాలు భావించడంతో ఆమెకు ఆత్మవిశ్వాసం సన్నగిల్లింది. మరుసటి ఏడాది మరొక ఉపాధ్యాయురాలు ప్రోత్సహించారు. ఆ తరువాత 1994, 1995లలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో ఆమె స్వర్ణ పతకాలు సాధించింది. 2017లో నలభై ఏళ్ళకే ఆమె మరణించింది. ఆ రెండో ఉపాధ్యాయురాలు తారసపడకపోతే ఆ బాలిక పేరు మనకు తెలిసి ఉండేదా?

ప్రతి బిడ్డా మీర్జాఖానీ కాదు, కానక్కరలేదు. ఆరో తరగతిలో వచ్చిన తడబాటు శాశ్వతమైనది కాదని తెలుసుకుంటే చాలు.

ఆడపిల్లల లెక్క వేరుగా ఎందుకు?

మన ఇళ్ళలో అబ్బాయికి గణితం రాకపోతే ట్యూషన్ పెట్టిస్తాము. అమ్మాయికి రాకపోతే గ్రూపు మారుస్తాము. ఈ తేడా చెప్పుకోవడానికి చేదుగా ఉన్నా నిజం.

కారణాలు లేకపోలేదు. నివాస ప్రాంతాలకు దగ్గరలోని ఆడపిల్లల కాలేజీలలో చాలాచోట్ల సైన్సు గ్రూపులు ఉండవు. దూరం పంపాలంటే ఆటో ఖర్చు, వేళ మించితే ఆందోళన. పెద్ద కాలేజీల ఫీజులు అందుబాటులో ఉండవు. పరదా పాటించే అమ్మాయికి సహవిద్యలో ఇబ్బంది ఎదురవుతుందని భయం. ఈ భయాలను నేను తేలిక చేసి మాట్లాడను, నేనూ ఆడపిల్లల తండ్రినే. కాని భయానికి విచారణ ఒక్కటే మందు. తెలంగాణలో 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాలు తరువాత రెండు వందలు దాటాయి. బాలికలకు విడిగా ఉన్నవి అనేకం. వాటికి అనుబంధంగా జూనియర్ కాలేజీలు వచ్చాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన పాలిటెక్నిక్‌లలో ఉర్దూ మాధ్యమంలో డిప్లొమా చదువులు చెబుతోంది. కడపలోనూ దాని పాలిటెక్నిక్ ఉన్నది. వీటిని విచారించకుండా ‘మనకు దారి లేదు’ అనుకోవడం సరికాదు.

సైన్సు చదివించే ఇళ్ళలోనూ అమ్మాయి అనగానే బై.పి.సి. వైపే చూస్తారు. ‘లేడీ డాక్టర్ కావాలి’ అనే కోరిక మంచిదే. సమాజానికి ఆ అవసరమూ ఉన్నది. కాని లెక్క కూడా చూడాలి కదా. 2025లో నీట్ పరీక్షకు సుమారు 22 లక్షల మంది హాజరయ్యారు. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా పదివేల పైచిలుకు మాత్రమే. ఇరవై మందిలో ఒక్కరికి దక్కే సీటు కోసం మిగిలిన పందొమ్మిది మంది చేతిలో గణితం లేకుండా బయటకు వస్తారు. వారిలో జీవశాస్త్రం మీద నిజమైన మక్కువతో చేరినవారు ఎందరో, లెక్కలు తప్పించుకోవడానికి చేరినవారు ఎందరో మన మనసులకే తెలుసు.

ఇందులో ఒక విషవలయం కూడా ఉన్నది. బాలికల బడులలో, ముఖ్యంగా ఉర్దూ మాధ్యమ బడులలో గణితం చెప్పే మహిళా ఉపాధ్యాయులు అరుదు. డిగ్రీలో గణితం, ఆపైన బి.ఇడి. ఉంటే తప్ప ఆ పోస్టుకు అర్హత రాదు. మన అమ్మాయిలు ఇంటర్‌లోనే గణితం వదిలివేస్తే ఆ పోస్టుకు అభ్యర్థులు ఎక్కడి నుండి వస్తారు? ఉపాధ్యాయురాలు లేదు కనుక పిల్లలకు రాదు. పిల్లలకు రాదు కనుక ఉపాధ్యాయురాలు పుట్టదు.

పిల్లలు మారలేదు, ఏర్పాటు మారింది

గణితం వైపు వచ్చే పిల్లల సంఖ్య తగ్గడం, పెరగడం దైవనిర్ణయమని భావించేవారి కోసం ఇంగ్లండు అనుభవం ఒకటి చెబుతాను. అక్కడ పదహారేళ్ళు నిండిన విద్యార్థి తనకు నచ్చిన మూడు నాలుగు సబ్జెక్టులను ‘ఎ లెవెల్’ స్థాయిలో చదువుతాడు. గణితం తీసుకోవడం, మానడం అతని ఇష్టం. 2000లో పాఠ్యక్రమాన్ని మార్చారు. మొదటి ఏడాది గణితం పేపర్లు కొత్త ఏర్పాటులో చాలా కఠినమయ్యాయి. తప్పినవారు మానుకున్నారు, మిగిలినవారు భయపడ్డారు. 2002కు వచ్చేసరికి గణితం ఎ లెవెల్ రాసేవారి సంఖ్య ఒక్క ఏడాదిలోనే దాదాపు అయిదో వంతు పడిపోయింది.

ఆ దేశం దానిని తేలికగా తీసుకోలేదు. 2004లో ఒక విచారణ నివేదిక వెలువడింది. పాఠ్యక్రమాన్ని సరిచేశారు. ‘ఫర్దర్ మ్యాథమెటిక్స్’ అనే మరింత ఉన్నతమైన సబ్జెక్టును చెప్పే ఉపాధ్యాయుడు ప్రతి బడిలోనూ ఉండడు కనుక, 2005 నుండి ప్రభుత్వ సహాయంతో ఒక సమాఖ్యను ఏర్పరచి ఆ పిల్లలకు వేరుగా పాఠాలు చెప్పించారు. పదేళ్ళలో ఆ సబ్జెక్టు తీసుకునేవారు రెండింతలకు మించారు. 2014 నుండి గణితమే అక్కడ అత్యధికులు ఎంచుకునే ఎ లెవెల్ సబ్జెక్టు. 2024లో ఆ సంఖ్య లక్ష దాటింది. అయినా అందులో బాలికలు ప్రతి పదిమందిలో నలుగురికి లోపే. అంటే ఆ సమస్య అక్కడా పూర్తిగా తీరలేదు.

2001లోని పిల్లలకు, 2002లోని పిల్లలకు తెలివిలో తేడా ఏముంటుంది? మారినది పెద్దలు చేసిన ఏర్పాటు. పాడయినప్పుడూ పెద్దల వల్లనే, బాగయినప్పుడూ పెద్దల వల్లనే. ఒక దేశం విషయంలో నిజమైనది ఒక మొహల్లా విషయంలో, ఒక ఇంటి విషయంలో అబద్ధం కాదు.

మన పాఠాలలోని లెక్క

ఒక మదరసా ఉపాధ్యాయుడు గణితం గురించి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చు. నిజానికి మా చదువులో లెక్క తప్పించుకోరానిది. తొమ్మిదో శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బగ్దాదులో పనిచేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుండే బీజగణితానికి ఐరోపా భాషలలో ‘ఆల్జీబ్రా’ అనే పేరు వచ్చింది. ఆయన పేరు నుండే ‘అల్గారిథమ్’ అనే మాట పుట్టింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలకే కేటాయించారు. వారసత్వం, వ్యాపారం, భూమి కొలత, కాలువల తవ్వకం వంటి పనులలో ప్రజలకు ఉపయోగపడాలనే ఉద్దేశంతో ఆ గ్రంథం రాస్తున్నానని ఆయన పీఠికలో తెలిపారు. పద్దెనిమిదో శతాబ్దంలో లక్నోలో ముల్లా నిజాముద్దీన్ పేరుతో స్థిరపడిన దర్సె నిజామీ పాఠ్యక్రమంలో ‘ఖులాసతుల్ హిసాబ్’ అనే గణిత గ్రంథం, యూక్లిడ్ రేఖాగణిత భాగం ఉండేవి. కాలక్రమంలో చాలా మదరసాలలో అవి మరుగునపడ్డాయి. మేము కూడా లెక్కల గడప దగ్గర ఆగిపోయినవాళ్ళమే.

నా సంగతే చెబుతాను. విద్యార్థి దశలో ‘సిరాజీ’ చదివేటప్పుడు వారసుల వాటాలు కంఠస్థం చేశాను. ‘తస్హీహ్’ వచ్చేసరికి చెమటలు పట్టేవి. ఒక మనిషి మరణించాడు. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు భాగాలు కుమారుడికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున మూడుగా పంచాలి. ఏడు మూడుతో నిశ్శేషంగా భాగింపబడదు. కనుక ఆస్తిని ఎనిమిదికి బదులు ఇరవై నాలుగు భాగాలు చేయాలి. అప్పుడు భార్యకు 3, కుమారుడికి 14, కుమార్తెకు 7 వస్తాయి. వారసులు పెరిగే కొద్దీ ఈ లెక్క చిక్కుబడుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా వీధిలోని బడి లెక్కల మాస్టారు నా పుస్తకం చూసి, "ఇది మా క.సా.గు. కదయ్యా" అన్నారు. రెండు సాయంత్రాలలో ఆయన నాకు కనిష్ఠ సామాన్య గుణిజం నేర్పారు. నాలుగు నెలలుగా నన్ను భయపెట్టిన పాఠం ఆ రెండు సాయంత్రాలలో విడిపోయింది. నేను ఈనాడు ఫరాయిజ్ చెప్పగలుగుతున్నానంటే అందులో ఆ మాస్టారి ఋణం ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం ఒక వితంతువు పంపకాల కాగితం తెచ్చి చూపింది. సరిగ్గా ఇదే కుటుంబం: ఆమె, ఒక కుమారుడు, ఒక కుమార్తె. కాగితంలో ఇరవై నాలుగు భాగాలని రాసి, తల్లికి 3, కొడుక్కి 14, కూతురికి 5 వేశారు. పెద్దలందరూ సంతకాలకు సిద్ధమయ్యారు. పక్కన కూర్చున్న పదో తరగతి మనుమరాలు వేళ్ళ మీద కూడి, "ఇరవై రెండే అవుతున్నాయి నానమ్మా, రెండు భాగాలు ఎటు పోయాయి?" అన్నది. అది పొరపాటో, మరొకటో అల్లాహ్‌కే తెలుసు. ఆ రెండు భాగాలు ఆ పిల్ల మేనత్తవి. లెక్క రానివారి హక్కు లెక్కలోకి రాకుండా పోతుందని ఆనాడు కళ్ళారా చూశాను.

ఇది ఉన్నత గణితం కాదు, ఆరో తరగతి భిన్నాలే. అయితే భిన్నాలకు భయపడే ఇంట్లో సమాకలనం చదివే బిడ్డ పెరగడం కష్టం.

గడప దాటితే ఏమున్నది?

‘ఎం.పి.సి. అంటే ఇంజనీరింగే, మా పిల్లకు అది వద్దు’ అనేవారు ఉన్నారు. గణితం ఒక్క దారి కాదు. భవన నిర్మాణ శిల్పం నేర్పే బి.ఆర్క్.కు గణితం కావాలి. కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో, చెన్నై గణిత సంస్థలో డిగ్రీ చేయాలన్నా గణితం కావాలి. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షలో 900 రాత మార్కులకు 300 గణితానివే. 2021 నుండి ఆ పరీక్ష అమ్మాయిలకూ తెరిచారు. వాణిజ్యం చదివినా గణితం వదలదు. చార్టర్డ్ అకౌంటెన్సీ మొదటి మెట్టయిన ఫౌండేషన్‌లో ఒక పూర్తి పేపరు వ్యాపార గణితం, తర్కం, గణాంకాలదే. సి.ఇ.సి. బదులు ఎం.ఇ.సి. దొరికితే దానిని పరిశీలించమని నేను చెప్పేది ఇందుకే.

మరొక ముఖ్య విషయం. గణితం చదివినవాడు తరువాత వాణిజ్యానికి, న్యాయశాస్త్రానికి, సాహిత్యానికి సులభంగా మరలగలడు. అదనంగా జీవశాస్త్రం పూర్తి చేసిన ఎం.పి.సి. విద్యార్థి నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. గణితం వదిలినవారు తిరిగి రావడం మాత్రం చాలా కష్టం. కష్టమే గాని అసాధ్యం కాదు. బై.పి.సి. చదివినవారు ఇంటర్ బోర్డు ద్వారా గణితాన్ని అదనపు సబ్జెక్టుగా రాసే అవకాశం ఉన్నది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో గణితాన్ని విడిగా తీసుకుని పరీక్ష రాయవచ్చు. అయితే చేరదలచిన కోర్సు దానిని అంగీకరిస్తుందో లేదో ముందే విచారించుకోవాలి.

ఇంట్లో చేయగలిగినవి

తల్లిదండ్రులకు, ముఖ్యంగా తల్లులకు నా విన్నపాలు నాలుగే.

మొదటిది, ‘నీకు లెక్కలు రావు’ అనే మాటను ఇంట్లో నిషేధించండి. ‘ఇంకా రాలేదు, వస్తుంది’ అనండి. మీకు రాకపోయిన సంగతిని బిడ్డ ముందు గొప్పగా చెప్పుకోకండి.

రెండవది, అయిదు నుండి ఏడో తరగతి వరకు కన్ను వేసి ఉంచండి. మీకు లెక్క రానక్కరలేదు. రొట్టెను నాలుగు ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను సగం చేస్తే అది మొత్తంలో ఎన్నో వంతని అడగండి. ఎనిమిదో వంతని చెప్పలేకపోతే ఆ వారమే ఉపాధ్యాయుణ్ణి కలవండి. పదో తరగతిలో పెట్టే ఖరీదైన ట్యూషన్ కంటే ఆరో తరగతిలో పక్కింటి డిగ్రీ అమ్మాయి చెప్పే అరగంట పాఠం మేలు.

మూడవది, గ్రూపు నిర్ణయించే ముందు బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. బంధువుల ముందు అడిగితే అది అడిగినట్లు కాదు. గణితం నిజంగా ఇష్టం లేదని బిడ్డ చెబితే బలవంతం చేయకండి. అందరినీ ఎం.పి.సి.లోకి తోయమని నేను చెప్పడం లేదు. ఇష్టం లేక మానడం వేరు, అడిగేవారు లేక మానడం వేరు.

నాలుగవది, ఇది ఒక్క ఇంటి పనిగా వదిలివేయకండి. దూరం సమస్య అయితే ఒకే వీధిలోని నలుగురు అమ్మాయిలకు ఒక ఆటో మాట్లాడవచ్చు. మొహల్లాలో గణితం చదివిన ఒక ఆడపడుచు ఉంటే వారానికి మూడు సాయంత్రాలు పిల్లలకు చెప్పేలా మస్జిద్ కమిటీ స్థలం, కొద్దిపాటి గౌరవవేతనం ఇవ్వవచ్చు. రమజానులో ఇఫ్తార్ విందులకు వెచ్చించే దానిలో చిన్న భాగం దానికి చాలు.

ఇక మొదట చెప్పిన దర్జీ కుమార్తె సంగతి. ఆ రోజు నేను ఆ తండ్రికి నా కుమార్తె కథ దాచకుండా చెప్పాను. అతను చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. వారం తరువాత వచ్చి, అదే వీధి నుండి మరో ఇద్దరు అమ్మాయిలు ఆ కాలేజీకే వెళుతున్నారని, ముగ్గురికీ కలిపి ఆటో కుదిరిందని చెప్పాడు. ఆ అమ్మాయి ఎం.పి.సి.లో చేరింది. మొదటి పరీక్షలో గణితంలో నూటికి 41 వచ్చాయి. తల్లి కంగారుపడి నాకు కబురు పంపింది. 93 తెచ్చుకున్న పిల్లకు 41 రావడం అవమానం కాదని, కొత్త మెట్టు ఎత్తుగా ఉన్నదని మాత్రమే దానికి అర్థమని చెప్పి పంపాను. ఆమె మానలేదు. ఇంకా చదువుతున్నది.

మా పెద్దమ్మాయి నన్ను ఏనాడూ నిందించలేదు. ఈ మధ్య ఆమె కూతురు, ఆరో తరగతి చదువుతున్న నా మనుమరాలు, భిన్నాల కూడిక రాక పుస్తకం మూసివేసింది. నేను గదిలోకి వెళ్ళేసరికి మా అమ్మాయి నేల మీద కూర్చుని ఆ పుస్తకం తిరిగి తెరుస్తున్నది. హారాలు వేరుగా ఉంటే ముందు ఏమి చేయాలో ఓపికగా చెబుతున్నది. ఆమె చేతిలో పెన్సిలు ఎక్కడా తడబడలేదు. పద్దెనిమిదేళ్ళయినా మరచిపోలేదు. "నిన్ను ఆనాడు అడిగి ఉండవలసింది అమ్మా" అన్నాను. ఆమె తలెత్తకుండానే, "దీన్ని అడగండి అబ్బా" అన్నది.

సోదర సోదరీమణులారా, మీ ఇంట్లో ఈ ఏడాది పదో తరగతి రాసే బిడ్డ ఉంటే, కాలేజీ ఎంత దూరమో కొలిచే ముందు ఆ బిడ్డను అడగండి.